ఫిట్‌నెస్ బ్యాండ్ కొనాలా, వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

చేతికి పెట్టుకునే బ్యాండ్ అన్ని పనులూ ఒకేలా చేయదు. అడుగులు బాగా లెక్కపెడుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు గుండె వేగాన్ని బాగానే పట్టుకుంటుంది. నిద్ర దశల దగ్గర ఊహ కలుపుతుంది, క్యాలరీల దగ్గర కాకిలెక్క చెబుతుంది. తెర మీద మాత్రం ఈ నాలుగూ ఒకే సైజు అంకెల్లో, ఒకే ధీమాతో కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే. ఏ అంకెను ఎంత నమ్మాలో తెలిసినవాళ్లకు ఇది పనికొచ్చే వస్తువు, తెలియనివాళ్లకు కొత్త తలనొప్పి.

ఇది పెట్టుకుంటే నిజంగా నడక పెరుగుతుందా?

పెరుగుతుంది, కాకపోతే అద్భుతాలేమీ జరగవు. దాదాపు 1,64,000 మందిపై జరిగిన పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ పత్రికలో వచ్చింది. ట్రాకర్ (కదలికను కొలిచే ఇలాంటి పరికరం) పెట్టుకున్నవాళ్లు రోజుకు సుమారు 1,800 అడుగులు ఎక్కువ వేశారని, నడిచే సమయం విడిగా కొలిచిన చోట అది రోజుకు దాదాపు 40 నిమిషాలు పెరిగిందని అందులో తేలింది. బరువులో తేడా మాత్రం ఒక కిలో దగ్గరే ఆగింది.

బరువు తగ్గడం కోసమే కొంటున్నవాళ్లు ఇంకో ప్రయోగం గురించి కూడా తెలుసుకోవాలి. దాని ఫలితాలు 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. 471 మంది యువతీయువకులను రెండేళ్లపాటు గమనించారు. అందరికీ మొదటి ఆరు నెలలు ఆహారం, వ్యాయామం మీద ఒకే రకమైన సలహాలు అందాయి. ఆ తర్వాత సగం మందికి ట్రాకర్ ఇచ్చారు, మిగతావాళ్లు తమ లెక్కలు తామే నమోదు చేసుకున్నారు. రెండేళ్లు గడిచేసరికి ట్రాకర్ లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గారు, ఉన్నవాళ్లు 3.5 కిలోలే. బ్యాండ్ మిమ్మల్ని కుర్చీలోంచి లేపగలదు గానీ, కంచంలో ఏముందో దానికి తెలియదు.

అడుగులను ఎలా లెక్కపెడుతుంది? నేను కూర్చునే ఉన్నా పెరుగుతున్నాయేం?

లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అది మూడు దిక్కుల్లోనూ కదలిక వేగం ఎలా మారుతోందో సెకనుకు చాలాసార్లు కొలుస్తుంది. నడిచేటప్పుడు చెయ్యి ఒక లయలో ఊగుతుంది కాబట్టి ఆ లయలోని ఒక్కో శిఖరాన్ని ఒక్కో అడుగుగా రాసుకుంటుంది. కాళ్లు ఏం చేస్తున్నాయో దానికి కనిపించదు, చెయ్యి చెప్పిందే నమ్ముతుంది.

అందుకే రెండు వైపులా తప్పుతుంది. గిన్నెలు తోమినా, బట్టలు ఉతికినా, చప్పట్లు కొట్టినా అడుగులు పెరుగుతాయి. తోపుడు బండి పట్టుకుని నడిచినా, జేబులో చెయ్యి పెట్టుకుని నడిచినా, ట్రెడ్‌మిల్ కమ్మీ పట్టుకున్నా తగ్గిపోతాయి. వాకర్ సాయంతో నిదానంగా నడిచే పెద్దవాళ్ల అడుగుల్లో చాలా భాగం అసలు లెక్కలోకే రాదు. వాళ్లకు నడుముకు తగిలించుకునే రకం నయం.

మీ బ్యాండ్ ఎంత ఖచ్చితమో మీరే తేల్చుకోవచ్చు. తెర మీద ఉన్న అంకెను రాసుకుని, మామూలు వేగంతో నోటితో లెక్కపెట్టుకుంటూ సరిగ్గా 200 అడుగులు వేయండి. ఆగి అరనిమిషం తర్వాత మళ్లీ చూడండి. 190 నుంచి 210 మధ్య ఉంటే చాలా బాగున్నట్టు. తేడా 20 దాటితే యాప్ సెట్టింగుల్లో కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అన్నది సరిచూసుకోండి. ఎక్కువ పని చేసే చేతికి పెట్టుకుని, తక్కువ పని చేసే చెయ్యి అని సెట్టింగులో ఉంటే లెక్క ఉబ్బుతుంది.

రోజుకు 10,000 అడుగులు తప్పనిసరా?

కాదు. ఆ అంకె పుట్టింది ప్రయోగశాలలో కాదు, అమ్మకాల ప్రచారంలో. 1965లో జపాన్‌లో మాంపో-కే అనే పెడోమీటర్ అమ్మారు, ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళలను పరిశీలించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాల రేటు స్పష్టంగా తక్కువగా ఉంది. దాదాపు 7,500 దగ్గర ఆ లాభం పెరగడం ఆగింది. ముందు వారం రోజులు లక్ష్యమేమీ పెట్టుకోకుండా మామూలుగా తిరిగి మీ సగటు ఎంతో చూడండి, దానికి వెయ్యి కలిపి అక్కడ మొదలుపెట్టండి.

గుండె వేగం అంకెను నమ్మవచ్చా?

కదలకుండా ఉన్నప్పుడు నమ్మవచ్చు. పరుగులో, బరువులెత్తేటప్పుడు జాగ్రత్త.

బ్యాండ్ అడుగున మిణుకుమనే పచ్చ లైట్లు చర్మంలోకి కాంతిని పంపుతాయి. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం పొంగి, వెనక్కి వచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. పక్కనే ఉన్న సెన్సర్ ఆ తగ్గుదలలను లెక్కపెడుతుంది, అంతే. చర్మం అవతల గుండె ఉందో లేదో దానికి తెలియదు. కావాలంటే బ్యాండును చుట్టిన టిష్యూ పేపరు మీద పెట్టి చూడండి. చాలా మోడళ్లు ఆ కాగితానికి కూడా 70 అనో 80 అనో గుండె వేగం చూపిస్తాయి! వెనక్కి వచ్చే కాంతిలో ఏదో ఒక లయను వెతకడమే దాని పని కాబట్టి, లేని చోట కూడా వెతికి పట్టుకొస్తుంది.

పరుగులో వచ్చే పెద్ద తప్పు కూడా ఇలాంటిదే. నిమిషానికి 165 అడుగులు పడుతున్నాయనుకోండి, చెయ్యి కూడా అదే లయలో అదురుతుంది. గుండె అసలు 140 దగ్గరున్నా, సెన్సర్ ఆ అదురునే గుండె చప్పుడనుకుని 165 చూపిస్తుంది. తేలికపాటి పరుగు మొదలైన రెండో నిమిషంలోనే అంకె ఒక్కసారిగా ఎగిరి అక్కడే అతుక్కుపోయిందంటే ముందు దీన్నే అనుమానించాలి. పది సెకన్లు ఆగి పట్టీ బిగించి మళ్లీ మొదలుపెడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

మిగతా కారణాలు: పట్టీ వదులుగా ఉండి బయటి వెలుతురు లోపలికి రావడం, చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడం, సెన్సర్ కింద ముదురు పచ్చబొట్టు ఉండడం, పుషప్స్ వంటి వాటిలో మణికట్టు వంగి రక్తప్రవాహం మారడం. చర్మం రంగు ముదురైన కొద్దీ కాంతి ఎక్కువగా లోపలే ఇంకిపోతుంది కాబట్టి బలహీనమైన లైట్లున్న మోడళ్లు ఇంకాస్త తడబడతాయి.

పెట్టుకునే తీరు చాలావరకు సమస్య తీరుస్తుంది. మణికట్టు ఎముక మీద కాకుండా, దానికి రెండు వేళ్ల వెడల్పు పైన ఉండాలి. వ్యాయామంలో చర్మం మీద జారకూడదు, తీశాక లోతుగా గాటు పడకూడదు. అయిపోగానే ఒక రంధ్రం వదులు చేయండి. విరామాలతో వేగంగా పరిగెత్తే శిక్షణ చేస్తుంటే మాత్రం ఛాతీ పట్టీయే కొనాలి. అది కాంతిని కాక గుండె విద్యుత్ సంకేతాన్ని చదువుతుంది కాబట్టి మార్పును వెంటనే పట్టుకుంటుంది. పెట్టుకునే ముందు దాని ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడపడం మరవకండి, పొడిగా ఉంటే మొదటి పది నిమిషాలూ పిచ్చి అంకెలు వస్తాయి.

మరి ఆ గుండె వేగంతో ఏం చేసుకోవాలి?

విశ్రాంతి గుండె వేగం మీద కన్నేసి ఉంచండి. మొత్తం బ్యాండులో బాగా పనికొచ్చే అంకె అదే అని మా అభిప్రాయం. మీ మామూలు అంకె 62 అనుకుంటే, వరసగా రెండు మూడు రోజులు 69, 70 చూపిస్తే జ్వరం రాబోతూ ఉండవచ్చు, నిద్ర చాలక ఉండవచ్చు, మద్యం కావచ్చు, వ్యాయామం శృతి మించి ఉండవచ్చు. పక్కవాళ్ల 55తో పోల్చుకుని లాభం లేదు.

వ్యాయామ జోన్ల (గుండె వేగాన్ని బట్టి వ్యాయామం ఎంత తీవ్రమో చెప్పే మెట్ల) విషయంలో బ్యాండ్ 220 లోంచి వయసు తీసేసి మీ గుండె గరిష్ఠ వేగం ఇంతని తేలుస్తుంది. అది జనాభా సగటు. ఒకే వయసున్న ఇద్దరి మధ్య నిమిషానికి పది, ఇరవై తేడా మామూలే. బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు గుండె వేగం మందు వల్లే అణగి ఉంటుంది కాబట్టి ఆ జోన్లు అసలు వర్తించవు. వాళ్లు మాట్లాడగలుగుతున్నామా, ఆయాసపడుతున్నామా అన్నదే కొలతగా పెట్టుకోవాలి.

క్యాలరీల లెక్క ఎంత నమ్మకం?

అన్నిటికంటే తక్కువ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఏడు పరికరాలను 60 మందిపై పరీక్షించారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపించాయి. క్యాలరీల దగ్గరకొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనది సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం!

దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. 65 కిలోల మనిషి 45 నిమిషాలు కాస్త చురుగ్గా నడిస్తే సుమారు 170 క్యాలరీలు ఖర్చవుతాయి. అందులో దాదాపు 50, ఆ 45 నిమిషాలు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా కరిగింది 120. చాలా యాప్‌లు వ్యాయామం పేజీలో మొత్తాన్నే చూపిస్తాయి. దాని మీద 27 శాతం పొరపాటు పడిందనుకోండి, తెర మీద 216 కనిపిస్తుంది. 216 కరిగాయి కదా అని అంతకు తగ్గట్టు తిన్నారంటే, రోజూ వంద క్యాలరీలు మిగులుతాయి. నెల రోజులు నడిచినా బరువు కదలడం లేదంటే కారణం తరచుగా ఇదే. యాక్టివ్ క్యాలరీలు, మొత్తం క్యాలరీలు వేర్వేరుగా చూపించే సెట్టింగ్ ఉంటే మొదటిదాన్నే చూడండి. దాన్ని కూడా ఈ వారానికీ పోయిన వారానికీ పోల్చుకోవడానికే వాడండి, తిండి కొలవడానికి కాదు.

నిద్ర లెక్క సంగతి?

ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు అన్నది చాలావరకు సరిగ్గానే ఉంటుంది. గాఢ నిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అన్నది అంచనా. ఆ దశలను తేల్చాల్సింది మెదడు తరంగాలు, బ్యాండ్ చూసేది చేతి కదలిక, గుండె వేగం మాత్రమే. నిద్ర పట్టక కదలకుండా పడుకున్న గంటను కూడా చాలాసార్లు నిద్ర కిందే రాసేస్తుంది. కాబట్టి నిద్రలేమితో బాధపడేవాళ్లకే దీని లెక్క ఎక్కువ తప్పుతుంది, విచిత్రంగా.

స్కోరు బాగా రావాలన్న ఆందోళనతోనే నిద్ర చెడగొట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2017లో కొందరు నిద్ర నిపుణులు దీనికి ఆర్థోసామ్నియా అని పేరే పెట్టారు. పొద్దున్నే లేచి ఒళ్లు తేలిగ్గా ఉన్నా, యాప్‌లో 58 చూసి నీరసం తెచ్చుకుంటున్నారంటే నిద్ర ట్రాకింగ్ ఆపేయండి.

ఆక్సిజన్, ఈసీజీ, బీపీ, షుగర్ కూడా చూపిస్తుందంటున్నారు?

నాలుగూ ఒక గాటన కట్టేవి కావు.

ఆక్సిజన్ అంకె ఎర్ర కాంతి, పరారుణ కాంతితో వస్తుంది. మణికట్టు దగ్గర ఇది వేలికి పెట్టే పరికరం కంటే బలహీనం. కదిలినా, చలిగా ఉన్నా పడిపోయినట్టు చూపిస్తుంది. ఊపిరి ఆడకపోతే తెర మీద 97 ఉందని ధైర్యం చెప్పుకోవద్దు.

ఈసీజీ ఉన్న వాచీలు ఒక లీడ్ ఈసీజీ, అంటే గుండె విద్యుత్తును ఒకే కోణం నుంచి చూసే ఈసీజీ ఇస్తాయి. కర్ణికల (గుండె పై గదుల) లయ తప్పడాన్ని, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను గుర్తించడంలో ఇవి నిజంగా ఉపయోగం. గుండెపోటును పట్టుకోవడం వీటి పని కాదు. ఈసీజీ తీయకుండా నాడి లయను బట్టే హెచ్చరించే విధానాన్ని 4,19,297 మందిపై పరీక్షించిన యాపిల్ హార్ట్ స్టడీలో 0.52 శాతం మందికి హెచ్చరిక వచ్చింది. వాళ్లలో తర్వాత ఛాతీకి అతికించే ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపినవాళ్లను చూస్తే 34 శాతం మందిలో ఆ సమస్య కనిపించింది. అది వచ్చిపోయే సమస్య కాబట్టి ప్యాచ్‌లో దొరకనంత మాత్రాన లేదని కాదు. హెచ్చరిక వస్తే కంగారు పడక్కర్లేదు, అలాగని కొట్టిపారేయనూ వద్దు. ఆ నివేదికను డాక్టరుకు చూపించండి.

బీపీ చూపించే వాచీల్లో చాలావాటిని చేతికి చుట్టే అసలు బీపీ మిషన్‌తో ముందు సరిపోల్చాలి, కొన్నిటికి ప్రతి నాలుగు వారాలకోసారి మళ్లీ చేయాలి. ఎలాగూ మిషన్ కొనాల్సిందే కదా, దాంతోనే చూసుకోవడం మేలు.

సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు కొనకండి. అలాంటి ఏ ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

పట్టీ కింద దద్దుర్లు వస్తున్నాయి. ఎందుకు?

చాలామందికి అది అలర్జీ కాదు, చెమ్మ. చెమట, సబ్బు నురగ పట్టీ కింద నిలిచి చర్మం నాని ఒరుస్తుంది. స్నానం చేశాక బ్యాండ్ తీసి, పట్టీనీ మణికట్టునూ పొడిగా తుడిచి, పది నిమిషాలు గాలి తగలనివ్వండి. వారానికి రెండుసార్లు సబ్బులేని క్లెన్సర్‌తో కడగండి, రోజుకు కనీసం ఒక గంట చేతిని ఖాళీగా ఉంచండి.

ఎర్రదనం సరిగ్గా బకిల్ ఆకారంలోనో, లోహం తగిలే చోటనో ఉంటే నికెల్ అలర్జీ కావచ్చు. గుడ్డ పట్టీకి మారి చూడండి. జిగురులోని మెథాక్రిలేట్లు అనే రసాయనాలు కూడా కొందరికి పడవు. ఇలాంటి చర్మ సమస్యల ఫిర్యాదులతోనే 2014లో ఫిట్‌బిట్ ఫోర్స్ మోడల్‌ను వెనక్కి పిలిపించారు. బొబ్బలొస్తే మాత్రం ఇక పట్టీలు మార్చి చూడడం మాని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పెట్టుకోవచ్చా?

ముందు డాక్టరును అడగాలి. అయస్కాంతంతో అతుక్కునే ఛార్జర్లను, పట్టీలను ఛాతీకి 15 సెంటీమీటర్ల లోపలికి తేకూడదు. శరీరంలోకి చిన్న విద్యుత్ పంపి కొవ్వు శాతం కొలిచే ఫీచర్‌ను అసలు వాడకూడదు.

50 మీటర్ల వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది. ఈత కొట్టవచ్చా?

కొట్టవచ్చు, మునకలు వేసి లోతుకు వెళ్లకూడదు. ఆ 50 మీటర్లు అన్నా, 5 ఏటీఎం (మామూలు గాలి ఒత్తిడికి ఐదు రెట్లు) అన్నా కదలని నీటిలో 50 మీటర్ల లోతున ఉండే ఒత్తిడిని తట్టుకుందని అర్థం. వేడినీళ్ల షవర్, ఆవిరి గది, సబ్బు రబ్బరు సీళ్లను పాడుచేస్తాయి. కొత్తప్పుడు తట్టుకున్న బ్యాండ్ రెండేళ్ల తర్వాత తట్టుకోకపోవచ్చు. ఉప్పునీళ్లలోంచి వచ్చాక మంచినీళ్లతో కడగండి.

బ్యాటరీ ఎన్నాళ్లు? మొత్తంగా ఎన్నేళ్లు పనిచేస్తుంది?

చిన్న తెర బ్యాండ్లు ఒక ఛార్జింగ్‌తో వారం నుంచి రెండు వారాలు వస్తాయి, పెద్ద తెర స్మార్ట్‌వాచీలు ఒకటి రెండు రోజులు. తెర ఎప్పుడూ వెలిగి ఉండడం, జీపీఎస్, రాత్రంతా ఆక్సిజన్ కొలవడం, ఈ మూడూ బ్యాటరీని తాగేస్తాయి. డబ్బా మీద రాసిన రోజులు ఇవన్నీ ఆపి లెక్కగట్టినవై ఉంటాయి, సగమే వస్తాయనుకుని కొనండి.

లిథియం బ్యాటరీ 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక సామర్థ్యంలో ఐదో వంతు కోల్పోతుంది. రోజూ ఛార్జ్ చేసే వాచీకి అది ఏడాదిన్నరలోపే, పది రోజులకోసారి చేసే బ్యాండుకు ఎన్నో ఏళ్లకు. చాలా బ్యాండ్ల బ్యాటరీ మార్చడానికి వీలుండదు, అతికించేసి ఉంటుంది.

నా వివరాలు ఎవరి చేతికి వెళ్తాయి?

ఏ వేళకు నిద్రపోతారు, ఎటు నడుస్తారు, గుండె ఎప్పుడు ఎంత కొట్టుకుంది, నెలసరి ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ తయారీ సంస్థ సర్వర్లో ఉంటాయి. ఆసుపత్రి రికార్డులకున్న చట్టపు రక్షణ వీటికి చాలాచోట్ల లేదు. అమెరికాలో వైద్య గోప్యత చట్టం హిప్పా కూడా సాధారణంగా ఈ సంస్థలకు వర్తించదు. సంస్థ చేతులు మారవచ్చు కూడా. 2021 జనవరిలో ఫిట్‌బిట్ గూగుల్ సొంతమైంది.

పేర్లు తీసేశాం కదా అన్న హామీని కూడా గుడ్డిగా నమ్మలేం. స్ట్రావా యాప్ 2017 నవంబరులో తన సభ్యుల పరుగు దారులన్నీ కలిపి ఒక ప్రపంచ పటం విడుదల చేసింది, ఎవరి పేరూ లేకుండానే. 2018 జనవరికల్లా అందులో ఎడారుల మధ్య వెలుగుతున్న సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయి.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లొకేషన్ అనుమతిని యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని పెట్టండి. కాంటాక్టుల అనుమతి ఇవ్వకండి. పరుగు దారిని పంచుకునేవాళ్లు ఇంటి చుట్టూ కొన్ని వందల మీటర్లు దాచే సెట్టింగ్ వాడండి. మానేసేటప్పుడు యాప్ తీసేస్తే చాలదు, ముందు డేటా డౌన్‌లోడ్ చేసుకుని, ఖాతానే తొలగించాలి. బ్యాండును వేరేవాళ్లకు ఇచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

ఫోనుతో సింక్ కావడం లేదు.

చాలాసార్లు దోషం బ్యాండుది కాదు, ఫోనులోని బ్యాటరీ సేవర్‌ది. వెనకాల నడిచే యాప్‌ను అది చంపేస్తుంది. సెట్టింగుల్లో ఆ యాప్‌కు మాత్రం బ్యాటరీ పరిమితి తీసేయండి. అయినా కాకపోతే యాప్‌లో బ్యాండును తొలగించి, ఫోను బ్లూటూత్ జాబితాలోంచి కూడా తీసేసి, మళ్లీ యాప్ నుంచే జత చేయండి. అయితే తొలగిస్తే బ్యాండులో ఇంకా సింక్ కాని లెక్కలు పోవచ్చు. చాలా బ్యాండ్లు వివరాలను కొద్ది రోజులే దాచుకుంటాయి కాబట్టి వారానికి ఒక్కసారైనా సింక్ అయ్యేలా చూసుకోండి.

బ్యాండా, వాచీయా, ఉంగరమా? లేక ఫోను చాలా?

అడుగులు మాత్రమే కావాలంటే ఫోను చాలు, జేబులో ఉన్నంతసేపూ. గుండె వేగం, నిద్ర వేళలు కావాలంటే బ్యాండ్. ఫోను లేకుండా పరిగెత్తాలనుకుంటే సొంత జీపీఎస్ ఉన్న వాచీ. కనెక్టెడ్ జీపీఎస్ అని ఉంటే అది ఫోను జీపీఎస్‌నే వాడుకుంటుంది, ఈ ఒక్క మాట దగ్గర చాలామంది మోసపోతారు. ఉంగరం నిద్రకు హాయి, బరువులెత్తేటప్పుడు అడ్డం, వేలు ఉబ్బితే ఇబ్బంది. ఈటింగ్ డిజార్డర్ (తిండికి సంబంధించిన మానసిక సమస్య) నుంచి కోలుకుంటున్నవాళ్లు, గంటగంటకూ గుండె వేగం చూసుకుని భయపడేవాళ్లు ఏదీ కొనకపోవడమే మంచిది.

కొన్నాక మొదటి వారం ఏం చేయాలి?

ఎత్తు, బరువు, వయసు నిజాయితీగా నింపండి, అన్ని లెక్కలూ వాటి మీదే నడుస్తాయి. నోటిఫికేషన్లలో కాల్స్, గుండె లయ హెచ్చరిక తప్ప మిగతావన్నీ ఆపేయండి, లేదంటే మణికట్టు మీద రోజంతా గోలే. మొదటి రోజే 200 అడుగుల పరీక్ష చేయండి. రెండో రోజు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, మణికట్టు మీద, బొటనవేలి మొదట్లో రెండు వేళ్లతో నాడి పట్టుకుని 60 సెకన్లు లెక్కపెట్టండి. బొటనవేలితో పట్టుకోవద్దు, దానికీ నాడి ఉంటుంది. బ్యాండ్ అంకెకూ మీ లెక్కకూ తేడా ఐదు దాటితే పట్టీ సర్ది మళ్లీ చూడండి. మూడుసార్లు చూసినా అంతే తేడా ఉంటే, వాపసు గడువు ముగిసేలోపు డబ్బాతో సహా తిరిగి ఇచ్చేయండి. అందుకే ఆ డబ్బా, బిల్లు మొదటి వారం పారేయకండి.